రినైజాన్స్: ఎవరి పునరుజ్జీవనం?

14వ శతాబ్దం నుంచి 16వ శతాబ్దం వరకు యూరప్‌లో ప్రాచీన గ్రీకు, రోమన్ సాహిత్యాన్ని, కళలను, ఆలోచనలను మళ్లీ వెలికితీసి అధ్యయనం చేసిన ఉద్యమమే రినైజాన్స్. ఫ్రెంచిలో ఈ మాటకు అర్థం ‘పునర్జన్మ’. మన పాఠ్యపుస్తకాల్లో ఇది సాంస్కృతిక పునరుజ్జీవనం. డావిన్సీ, మైకెలాంజిలో పేర్లతో పాఠం ముగుస్తుంది. ఆ వెలుగు ఎవరి దాకా వచ్చింది, ఎవరి గడప దగ్గర ఆగిపోయింది అన్నది కూడా చదవాల్సిన పాఠమే.

మొదలైన తీరు

1345లో కవి పెట్రార్క్ వెరోనా నగరంలో రోమన్ వక్త సిసెరో లేఖల రాతప్రతిని కనుగొన్నాడు. 1397లో కాన్‌స్టాంటినోపుల్ పండితుడు మాన్యుయల్ క్రిసొలోరాస్ ఫ్లోరెన్స్‌లో గ్రీకు బోధించడం మొదలుపెట్టాడు. వ్యాకరణం, వక్తృత్వం, కవిత్వం, చరిత్ర, నీతి శాస్త్రం ఈ కొత్త చదువులో ముఖ్యమైనవి. వీటిని బోధించినవారినే మానవవాదులు అన్నారు. అయితే ఇది యూరప్ ఒక్కటే సాధించిన ఘనత కాదు. అరిస్టాటిల్‌పై ఇబ్న్ రుష్ద్ వంటి అరబ్బీ పండితుల వ్యాఖ్యానాలు అంతకు ముందే లాటిన్‌లోకి వచ్చాయి.

పత్రాన్ని నిలదీసిన చదువు

రోమన్ చక్రవర్తి కాన్‌స్టాంటైన్ పశ్చిమ సామ్రాజ్యంపై అధికారాన్ని పోప్‌కు దానమిచ్చాడని చెప్పే పత్రం ఒకటి ఉండేది. శతాబ్దాల పాటు పోప్‌ల పెత్తనానికి అది ఒక ఆధారం. 1440లో లొరెంజో వల్లా దాని భాషను పరీక్షించాడు. 4వ శతాబ్దపు రోమన్ పత్రంలో ఉండకూడని మాటలు అందులో ఉన్నాయని చూపి, అది దొంగ పత్రమని తేల్చాడు. వల్లాను పోషించిన రాజుకు పోప్‌తో తగాదా ఉన్న మాట నిజమే. అయినా ఆ పద్ధతి రాజును దాటి నిలిచింది. పవిత్రమని చెప్పినంత మాత్రాన ఏ రాతా ప్రశ్నకు అతీతం కాదని తేలింది. 1486లో పికో డెల్లా మిరాండోలా మరో అడుగు వేశాడు. సృష్టిలో మనిషికి ముందే కేటాయించిన స్థానమంటూ లేదని, తన స్థానాన్ని తానే ఎంచుకోగలడని రాశాడు.

గడప బయట మిగిలినవారు

అదే ఫ్లోరెన్స్ సంపదకు పునాది ఊలు పరిశ్రమ. ఊలు దువ్వే కూలీలకు సొంత గిల్డు పెట్టుకునే హక్కు లేదు. గిల్డు లేనివారికి నగర పాలనలో చోటు లేదు. 1378 జులైలో ‘చొంపి’ అని పిలిచే ఈ కార్మికులు తిరగబడి ప్రభుత్వాన్ని చేజిక్కించుకున్నారు, తమ గిల్డును సాధించుకున్నారు. కొన్ని వారాలకే దాన్ని రద్దు చేశారు.

1348 ప్లేగు తర్వాత పనివాళ్లు దొరక్క, 1360లలో ఫ్లోరెన్స్ క్రైస్తవేతర బానిసల దిగుమతికి చట్టబద్ధంగా అనుమతిచ్చింది. నల్ల సముద్ర తీరాల నుంచి తెచ్చిన వారిలో ఎక్కువమంది స్త్రీలు, బాలికలు. బ్రూనెలెస్కీ రూపకల్పన చేసిన ఇన్నొచెంతి అనాథాశ్రమాన్ని రినైజాన్స్ వాస్తుకళకు తొలి నమూనాగా చూపుతారు. 1445లో అది తెరుచుకున్నాక చేరిన పిల్లల్లో చాలామంది యజమానుల ఇళ్లలోని బానిస స్త్రీలు కన్నవారే. మనిషి ఔన్నత్యం గురించి రాసిన నగరం ఆ తల్లులను ఆస్తి కింద లెక్కగట్టింది.

మనం తీసుకోవాల్సింది

అందుకని రినైజాన్స్‌ను పూర్తిగా తోసిపుచ్చాలా? అక్కర్లేదు. ఆ చదువును పోషించింది సంపన్నులే అయినా, అది ఇచ్చిన పనిముట్టు వారి సొత్తు కాదు. అధికారం ఏ రాతను చూపి నిలబడుతుందో ఆ రాతనే విప్పి చూడటం ఆ పనిముట్టు. 1946లో వచ్చిన ‘శూద్రులెవరు?’ గ్రంథంలో అంబేద్కర్ చేసిందీ ఇలాంటి పరిశోధనే. వర్ణాల పుట్టుకను చెప్పే పురుషసూక్త భాగాలు తర్వాత చేర్చినవని ఆయన వాదించారు. ఎవరైనా ‘మన ప్రాచీన వైభవాన్ని మళ్లీ తెద్దాం’ అన్నప్పుడు రెండు ప్రశ్నలు వేద్దాం. ఆ వైభవంలో ఊలు దువ్వినవారి చోటెక్కడ? ఆ గ్రంథాన్ని విప్పి చదివే హక్కు ఎవరికుంది?