ప్లాటియా, కారంపూడి: రెండు రణభూములు, రెండు తిరునాళ్ళు

పారశీకులు గ్రీసు మీదికి దండెత్తి వచ్చిన కథలో మనవారికి బాగా తెలిసినవి రెండే ఘట్టాలు: మారథాను, థర్మోపిలే. మొదటిదానిని పరుగుపందెము, రెండవదానిని సినిమాలు బతికించాయి. కాని నేలమీద ఆ దండయాత్రకు తెర దించిన యుద్ధము ఈ రెండూ కాదు. క్రీ.పూ. 479లో అసోపస్ ఏటి ఒడ్డున, ప్లాటియా అనే చిన్న ఊరి ముందు జరిగిన పోరు అది. పారశీక సేనాని మార్డోనియస్ అక్కడే కూలిపోయాడు. గ్రీకుల పక్షాన స్పార్టా వీరుడు పౌసేనియస్ నాయకత్వము వహించాడు.

మన పత్తిచేల సీమవాళ్ళకు ఆసక్తి కలిగించే ముచ్చట ఒకటి ఇందులో ఉంది. మార్డోనియస్ ఏరికోరి తనవద్ద ఉంచుకొన్న దళాలలో భారతీయులు కూడా ఉన్నారని హెరొడోటస్ వ్రాశాడు. వీరు చెట్టు నుండి వచ్చిన నూలుబట్టలు కట్టుకొని, వెదురు విండ్లు, ఇనుపములుకుల బాణాలు పట్టారట. గ్రీకులకు పత్తి ఒక వింత. అయితే వీరు సింధునది ప్రాంతము వారు, మనవారు కారు. ఆ కీర్తిని గుంటూరు ఖాతాలో వేసుకొనే ఉద్దేశము నాకు లేదు.

నా ప్రశ్న వేరు. ప్లాటియాలో చనిపోయిన వారికి ఏటేటా ఒక క్రతువు జరిగేది. మన కారంపూడిలోనూ నాగులేటి ఒడ్డున ఏటేటా వీరుల తిరునాళ్ళు జరుగుతున్నది. గ్రీకులు బయటి శత్రువును తరిమిన రోజును తలచుకొన్నారు. మనము అన్నదమ్ములు కొట్టుకొని చచ్చిన రోజును తలచుకొంటున్నాము. ఎందుకని?

బయటి శత్రువుతో పోరిన చరిత్ర ఈ సీమకు లేదనడానికి వీలులేదు. 1323లో ఓరుగల్లు ఢిల్లీ సేనల పాలైంది. దరిమిలా తీరాంధ్రము పడిన బాధలను ముసునూరి ప్రోలయ నాయకుని విలస తామ్రశాసనము కళ్ళకు కట్టినట్లు చెబుతుంది. నాయకులందరూ ఒక్కటై ఆ పాలనను తొలగించుకొన్నారు. అద్దంకి రాజధానిగా 1325 ప్రాంతములో ప్రోలయ వేమారెడ్డి రాజ్యము నిలిపాడు. గ్రీకు కథకు దగ్గరి పోలిక ఏదైనా ఉంటే అది ఇదే. మరి ఆ పోరాటానికి తిరునాళ్ళేదీ? గాథ ఏదీ? వేమారెడ్డి ఆస్థానకవి ఎఱ్ఱన ఆయనకు అంకితమిచ్చినది హరివంశము. ఆ రెడ్లకే చెందిన కొండవీటి కొలువులో విద్యాధికారిగా వెలిగిన శ్రీనాథుని పేరున మనకు దక్కినది పల్నాటి వీరచరిత్ర! జొన్నకూడు తినలేక పల్నాటిని చాటువులలో ఎగతాళి చేసినట్లు చెప్పే కవే ఆ నేల కథను మంజరీ ద్విపదలో పాడాడన్నమాట. అక్కిరాజు ఉమాకాంతము గారు 1911లో దానిని అచ్చు వేయించి మనకు మహోపకారము చేశారు.

కథ తెలిసినదే గనుక క్లుప్తముగా చెబుతాను. హైహయ వంశపు అనుగురాజుకు వెలనాటి చోళుల పిల్లనిచ్చి పల్నాడును అరణముగా ఇచ్చారు. పెద్దభార్య కొడుకు నలగామరాజు గురజాలలో, సవతి తమ్ముడు మలిదేవరాజు మాచర్లలో ఏలారు. అటు మంత్రిణి నాగమ్మ, ఇటు మంత్రి బ్రహ్మనాయుడు. కోడిపందెములో ఓడి మలిదేవాదులు ఏడేండ్లు వలసపోయి త్రిపురాంతకము దగ్గరి మేడపిలో తలదాచుకొన్నారు. గడువు తీరినా రాజ్యము తిరిగి రాలేదు. 1180 ప్రాంతములో కారంపూడి వద్ద ఇరుపక్షాలూ తలపడ్డాయి. బాలచంద్రుడు మొదలుగా ఒక తరము తరమంతా అక్కడ రాలిపోయింది. ఈ దెబ్బతో వెలనాటివారి బలమూ ఉడిగింది. గణపతిదేవుని కాలానికి తీరమంతా కాకతీయుల కిందికి పోయింది. గెలిచినది ఎవరు అంటే చెప్పడము కష్టము. బ్రహ్మనాయుడు నలగామరాజునే తిరిగి గద్దెమీద కూర్చుండబెట్టి తాను గుత్తికొండ బిలములోనికి వెళ్ళిపోయాడని గాథ.

దీనినే ఆంధ్ర కురుక్షేత్రమనీ, పల్నాటి పౌరుషమనీ అంటారు. ఈ రెండవ మాట నాకు సుతరామూ గిట్టదు. నాటుబాంబుల వార్తలలోనూ, సినిమా పోస్టర్ల మీదా కూడా అదే మాట కనబడుతుంది. నాగులేటి ఒడ్డున జరిగినది పౌరుషానికి పండుగ అనుకొనేవారు ఒక్కసారి ఆ ఐదు రోజుల పేర్లు చూడాలి.

కార్తీక అమావాస్యతో మొదలు: రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. వీటిలో యుద్ధము ఏది? కడపటి కల్లిపాడు ఒక్కటే. రెండవ రోజు మొత్తము రాయబారానిది. సంధి కోసము వెళ్ళిన అలరాజు నలగామరాజుకు సాక్షాత్తు అల్లుడు. చర్లగుడిపాడులో ఆయనకు విషము పెట్టారు. భార్య పేరిందేవి, అంటే నలగాముని కూతురు, అగ్నిప్రవేశము చేసింది. మూడవ రోజు ఆలమందల మీద పడిన దాడి, కాపరి లంకన్న మరణము. ఆ రోజునే చాపకూడు: కులము చూడకుండా ఒకే పంక్తిలో అన్నము. (బ్రహ్మనాయుడు పెట్టిన చాపకూడులో మిరపకారము లేదు సుమండీ! మిరప పోర్చుగీసువారితో వచ్చింది. ఘాటు కావాలంటే మిరియాలే దిక్కు. ఈనాటి గుంటూరు నాలుకకు ఆ భోజనము చప్పగా తోచేది కాబోలు.) నాలుగవ రోజు కోడిపందెము, అనగా తగవు మొదలైన చోటు. అది కాలక్రమములో ముందుది, క్రతువులో దాదాపు చివరిది. ఈ వరుసను కూర్చినవారు చరిత్ర తెలియక కూర్చలేదనిపిస్తుంది. యుద్ధము ఏ ఏ చోట్ల ఆగి ఉండవచ్చునో ఆ చోట్లన్నీ ఒక్కొక్క రోజుగా నిలబెట్టి, ఇక ఆగదన్న తర్వాత కల్లిపాడు పెట్టారు.

ఇక ప్లాటియాకు వద్దాము. అక్కడి క్రతువును ప్లూటార్క్ వర్ణించాడు. యుద్ధము జరిగిన దాదాపు ఆరువందల యేళ్ళకు, తన కాలములో కూడా అది నడుస్తూనే ఉందన్నాడు. ఏడాది పొడుగునా తెల్లబట్టలు కట్టి ఇనుము తాకని ఊరిపెద్ద, ఆ ఒక్కరోజు ఎర్రవస్త్రము ధరించి కత్తి పట్టి, నీటికుండతో వెళ్ళి, సమాధిరాళ్ళను తన చేతులతో కడిగి పరిమళతైలము పూసి, నల్లని ఎద్దును బలి ఇచ్చి, చనిపోయిన వీరులను విందుకు పిలుస్తాడు. చదువుతుంటే నాగులేటి గంగధారి మడుగులో ఆయుధాలకు స్నానము చేయించే దృశ్యము కళ్ళముందు ఆడుతుంది.

కాని రెండు సంగతులు మనసును కలచివేస్తాయి. ఒకటి: క్రీ.పూ. 427లో ఇదే ప్లాటియాను ముట్టడించి లొంగదీసుకొన్నది ఎవరు? పారశీకులు కారు, స్పార్టావారే! ప్లాటియావారు తీర్పరుల ముందు నిలబడి, మీ తండ్రుల సమాధులకు మేమే కదా ఏటేటా వస్త్రాలు, తొలిపంటలు సమర్పిస్తున్నాము అని మొరపెట్టుకొన్నారని థుసిడిడీస్ వ్రాశాడు. ఈ యుద్ధములో మాకేమైనా మేలు చేశారా అన్న ప్రశ్న ఒక్కటే స్పార్టావారు అడిగారు. లేదన్న వారిని లేదన్నట్లే చంపారు, రెండువందలకు తక్కువ కాకుండా. ఆడవారిని దాసీలుగా అమ్మారు. పట్టణాన్ని నేలమట్టము చేశారు. అది మళ్ళీ నిలబడి క్రతువు సాగించడము తర్వాతి మాట. పైగా 479 నాటి పోరులోనే థీబ్సు మొదలైన గ్రీకు ఊళ్ళు పారశీకుల వైపు నిలిచి తోటి గ్రీకులతో కలబడ్డాయి. స్వేచ్ఛాయుద్ధమనే ఆ గాథ లోపల ఒక కారంపూడి కూడా దాగి ఉంది.

రెండవది: ఆ విందుసేవలో బానిస చేయి తగలరాదు. ఎందుకంటే ఆ వీరులు స్వేచ్ఛ కోసము మరణించారట! అయితే హెరొడోటస్ లెక్క ప్రకారము ప్లాటియాకు వచ్చిన స్పార్టావారు 5,000, వారి వెంట వచ్చిన హెలోట్లు, అంటే వారి పొలాలు దున్నే దాస్యజనము, 35,000. మనిషికి ఏడుగురు. చనిపోయిన హెలోట్లను కూడా అక్కడే ఒక గోతిలో పూడ్చారు. వారి పేరు చెప్పి పిలిచినవారు లేరు.

కారంపూడిలో బ్రహ్మనాయుడు కొడుకుగా చూసుకొన్న సేనాని మాల కన్నమదాసు. ఈ కథను శతాబ్దాలుగా నోట నిలుపుకొన్నవారిలో వీరవిద్యావంతులనే మాల గాయకులు ముఖ్యులు. శ్రీనాథుని పేరున అచ్చయినది బాలచంద్రుని యుద్ధభాగమే. కథ మొత్తము వీరి గొంతులోనే ఉంది. ఆలిశెట్టి గాలెయ్య పాడిన కథను జీన్ రోఘేర్ అనే అమెరికా పండితుడు ఆంగ్లములోనికి తెచ్చి 1982లో ప్రచురించారు. పల్నాటి కథ చదవాలనుకొనేవారు ద్విపదతో పాటు దానినీ చదవాలి. ద్విపదలో వినబడేది బాలచంద్రుని వీరావేశము. గాయకుల కథ అనుగురాజు వద్ద మొదలై, పందెమూ వలసా రాయబారమూ దాటి, చాలాసేపటికి గాని యుద్ధభూమికి చేరదు.