శల్యతంత్రమున అస్థిగణనము

మనుష్యశరీరమందలి యెముకల సంఖ్యావిషయమున మన ప్రాచీనగ్రంథములకును నేఁటి శారీరశాస్త్రమునకును గల భేదము విద్యార్థులకుఁ జిక్కు గలిగించుచున్నది. చరకసంహిత 360 అనియు, సుశ్రుతసంహిత 300 అనియుఁ జెప్పఁగా, నేఁటి పాఠ్యగ్రంథములు వయస్సు వచ్చినవానికి 206 అనుచున్నవి. పూర్వులు శరీరమును జూడకయే వ్రాసిరని కొందఱందురు. సంఖ్యలన్నిటికి నెట్లో యైకమత్యము సాధింపఁ గొందఱు పూనుదురు. గ్రంథములను బరిశీలించినచో నీ రెండు పక్షములును నిలువవు.

360 అను సంఖ్య శతపథబ్రాహ్మణమునందే సంవత్సరమందలి రాత్రులతో సరిపోల్పఁబడినది. చరకసంహితయు నా సంఖ్యనే గ్రహించి, దంతములు 32, దంతోలూఖలములు, అనఁగాఁ బండ్లగూళ్లు 32, గోళ్లు 20 అందుఁ జేర్చినది. ఈ 84 తీసివేసినచో 276 మిగులును. సుశ్రుతుఁడు వేదవాదుల మతము 360 అని పేర్కొని, శల్యతంత్రమున 300 మాత్రమే యని వేఱుగాఁ జెప్పెను: కాలుసేతులయందు 120, మధ్యశరీరమున 117, కంఠము మొదలు పైభాగమున 63. ఆయన గోళ్లను, పండ్లగూళ్లను విడిచెను. దంతములను, మృదువులగు తరుణాస్థులను గ్రహించెను. కావున భేదమునకు మొదటి హేతువు అస్థిశబ్దముయొక్క యర్థవ్యాప్తియే.

రెండవ హేతువు వైయాకరణులకుఁ బరిచితమైనది. సుశ్రుతుఁడు ఒక కాలియందు 30 ఎముకలు లెక్కించి, రెండవ కాలికిని జేతులకును దానినే యతిదేశించెను. సూత్రమున నతిదేశము లాఘవమునకు హేతువు. ఇచట నది దోషమునకు హేతువైనది. మోకాలిచిప్పవంటి వేఱెముక మోచేతికి లేదు. ప్రతి వ్రేలికిని మూఁడేసి చొప్పున 15 అని చెప్పఁబడినది. బొటనవ్రేలికి రెండే యుండుటచే నేఁటి లెక్క 14.

నవజాతశిశువునకు సుమారు మూఁడువందల యెముకలుండి క్రమముగాఁ గొన్ని కలిసిపోవునని నేఁటి శాస్త్రము చెప్పుటం జూచి, సుశ్రుతుని సంఖ్య దానినే తెలుపునని యనువారు కలరు. అది పొసఁగదు. ఆ 300లో 32 దంతములు చేరియున్నవి. నవజాతశిశువునకు 32 దంతము లెక్కడివి?

సుశ్రుతుని ఘనత సంఖ్యయందుఁ గాదు, విభాగమునందున్నది. కపాల, రుచక, తరుణ, వలయ, నలకములని యాయన యస్థుల నైదు తెఱఁగుల విభజించెను. భగ్నప్రకరణమున నీ విభాగప్రయోజనము తెలియును: తరుణములు వంగును, నలకములు విఱుగును, కపాలములు భిన్నమగును, రుచకములు పగులును. ఎముకలు కట్టు వైద్యునకుఁ గావలసిన జ్ఞాన మిదియే.

బోధనక్రమమును నట్టిదే. విషముచేఁ జావనిదియు, దీర్ఘరోగము లేనిదియు నగు శవమును శోధించి, ముంజగడ్డి మొదలగువానితోఁ జుట్టి, పంజరమున నుంచి, పాఱునీటఁ జాటైన చోట నిలుపవలయును. ఏడురాత్రులు గడచినపిదప వట్టివేళ్లు, వెండ్రుకలు, వెదురు మున్నగువాని కుంచెతో మెల్లమెల్లఁగా రుద్దుచుఁ జర్మము మొదలుకొని సర్వమును గన్నులారఁ జూడవలయును. శాస్త్రమున విన్నదియుఁ గంటఁ జూచినదియుఁ గలిసిననే జ్ఞానము వృద్ధియగునని యాయన మతము.

ఈ మార్గము చిరకాలము మఱుఁగుపడెను. 1835-36 సంవత్సరములలోఁ గలకత్తాయందు సుశ్రుతసంహితను ముద్రింపించిన మధుసూదనగుప్తుఁడే, 1836లో నచటి వైద్యకళాశాలయందు శవచ్ఛేదము చేసెను. గ్రంథమును సంస్కరించిన చేయియే కత్తిని బట్టుట గమనింపఁదగినది. పిదప 1907లో హోర్న్లె పండితుఁడు ప్రాచీనాస్థిగణనమును విమర్శించి గ్రంథము ప్రకటించెను. 1913లో గణనాథసేనుఁడు ప్రత్యక్షశారీరమను గ్రంథమును సంస్కృతమున వెలువరించెను.

పరిభాషయందును జాగరూకత వలయును. చరకసంహితయందు అరత్ని యనఁగా ముంజేయి. అందు రెండేసి యెముకలు చెప్పఁబడినవి. నేఁటి తెలుఁగు పాఠ్యపుస్తకములు ఆ రెంటిలో నొకదానికి రత్ని యనియు, రెండవదానికి అరత్ని యనియుఁ బేళ్లిడినవి. ఈ యర్థభేద మెఱుఁగక చరకమును జదువువానికి లెక్క తప్పును.

కావున నుపాధ్యాయుఁడు సంఖ్యను వల్లెవేయింపకమున్ను, ఏ గ్రంథము దేనిని అస్థి యనుచున్నదో తెలుపవలయును; పిదప నెముకనే శిష్యుని చేతి కీయవలయును.