కాలయంత్రంలో లేని పాట



ప్రత్యేక సంచికకు చరిత్ర మీద ఒక వ్యాసం రాయమని కార్యవర్గం వారు అడిగారు. మన చరిత్ర అంటే 1871లో కింగ్ దొర ఇల్లందు వైపు బొగ్గు కనుగొనడం, 1886 నాటి హైదరాబాద్ దక్కన్ కంపెనీ, 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ పుట్టడం. ఇవన్నీ ఏటేటా ఆవిర్భావ దినోత్సవం నాడు వింటూనే ఉన్నాము. అందుచేత ఈసారి ఒక నవలను పట్టుకుని మన చరిత్రలోకి దిగుదామని నా ఉద్దేశ్యం. నవల ఇంగ్లండు వారిది. కానీ అందులో భూగర్భం ఉంది, అక్కడ పనిచేసేవాళ్ళున్నారు, పైన పాట ఉంది. కనుక దాని మీద మాట్లాడే హక్కు మనకు బాగానే ఉన్నది.

హెచ్.జి.వెల్స్ 'టైమ్ మెషిన్' 1895లో వెలువడింది. చిన్న పుస్తకమే. ఒక శాస్త్రజ్ఞుడు కాలంలో ప్రయాణించే యంత్రం చేసుకుని 8,02,701వ సంవత్సరానికి పోతాడు. అప్పటికి మనుషులు రెండు జాతులుగా చీలిపోయి ఉంటారు. నేల మీద ఎలాయ్‌లు. వారికి పని లేదు, చింత లేదు. పూలు పెట్టుకోవడం, పండ్లు తినడం, ఎండలో పాడుకుంటూ ఆడుకోవడం, అంతే. నేల కింద మోర్లాక్‌లు. తెల్లని కళ తప్పిన ఒళ్ళు, చీకటికి అలవాటుపడిన పెద్ద కళ్ళు, రాత్రింబగళ్ళు యంత్రాల దగ్గర పని. వాళ్ళు రాత్రి పూట పైకి వచ్చి ఎలాయ్‌లను పట్టుకుపోయి తింటారు. కూలి జనాన్ని తరతరాలు నేల కిందికి నెట్టితే చివరకు ఇలా అవుతుందని వెల్స్ హెచ్చరిక. ఆయన తల్లి ఒక పెద్ద బంగళాలో నౌకర్ల మీద పెత్తనం చూసే ఉద్యోగి. ఆ బంగళాలో నౌకర్లు దొరల కంటపడకుండా నేలమాళిగల్లో, సొరంగాల్లో తిరిగేవారు. చిన్ననాడు చూసిన ఆ సొరంగాల నీడ నవల మీద పడి ఉండవచ్చును.

మన వృత్తి వాళ్ళకు నచ్చే విషయం ఒకటుంది. కథలో అక్కడక్కడా బావుల వంటి లోతైన గుంటలుంటాయి. శాస్త్రజ్ఞుడు ఒక కాగితం ముక్క లోపలికి వేస్తాడు. అది మెల్లగా పడదు, గాలి దాన్ని సర్రున లోపలికి పీల్చుకుంటుంది. దూరంగా ఉన్న ఎత్తైన గోపురాల పైన వేడి గాలి కదలాడుతూ కనిపిస్తుంది. ఒక దారిన మంచి గాలి లోపలికి, మరొక దారిన చెడు గాలి బయటికి. గనిలో గాలి పారుదల ఇదే గదా! ఇంత చక్కగా రాసిన మనిషి తన కథానాయకుణ్ణి మాత్రం అగ్గిపెట్టెతో కిందికి దింపాడు. మన దగ్గరైతే బాయి మోకా మీదనే జేబులు తడిమి, ఆ పూట మస్టరు లేకుండా ఇంటికి పంపేవారు.

ఇక నా తగాదా. వెల్స్ పాటను పైవాళ్ళకిచ్చాడు. కింది వాళ్ళకు యంత్రాల దబదబ తప్ప మరేమీ ఇవ్వలేదు. ఈ ఒక్కచోట ఆయన లెక్క మన రామగుండం, గోదావరిఖని, కమాన్‌పూర్ చరిత్రకు సరిపడదు.

నేను 1973లో బదిలీ ఫిల్లరుగా చేరాను. తట్టా చెమ్మస్ పట్టిన కాలమది. తర్వాత పరీక్ష రాసి సర్దారు నయ్యాను. సర్దారు పనిలో సగం చెవులతోనే జరుగుతుందని మన పిల్లలకు తెలియదు. కర్రతో పైకప్పును తట్టితే గట్టి రాయి ఖంగుమంటుంది. లోపల చీలిక ఉంటే డొల్ల మోత వస్తుంది. ఆ మోత తేడా తెలియక ప్రాణాలు పోయినవారున్నారు, తెలిసి నిలిచినవారున్నారు. కర్ర ప్రాపుల సంగతీ అంతే. బరువు మీద పడుతుంటే ముందు కిర్రుమంటాయి, తర్వాత పటపటమంటాయి. అది విని జనం వెనక్కి వచ్చేవారు. ఇనుప ప్రాపు బలమైనదే గాని మాట్లాడదని పాతవాళ్ళు అనేవారు. పట్టాలు తప్పిన టబ్బును ఎత్తాలన్నా, బరువైన దూలం నిలపాలన్నా ఒకడు పదం అందుకునేవాడు, మిగతావాళ్ళు దానికి ఊపిరి కలిపి బలం పెట్టేవారు. ఆ పదాలలో కొన్ని కుటుంబ సంచికలో రాయదగినవి కావు. పాటలే, కాదనలేము.

కాలప్రయాణం మాట తీసుకున్నా మనమేమీ వెల్స్ నాయకుడికి తీసిపోము. ఆయన ఎనిమిది లక్షల ఏళ్ళు ముందుకు పోయాడు. గోదావరి లోయ బొగ్గు ఇరవై అయిదు కోట్ల ఏళ్ళకు పైబడినది. ఆ కాలపు అడవులు కూలి, బురదలో కూరుకుని, బొగ్గయినాయి. బొగ్గు పైనున్న పలక రాతిలో అప్పటి ఆకుల అచ్చులు ఈనెలతో సహా కనబడతాయి. క్యాప్ ల్యాంపు వెలుగులో వాటిని మీలో ఎందరో చూసే ఉంటారు. రోజుకొక షిఫ్టు అంతదూరం వెనక్కు పోయి, సాయంత్రానికి ఇల్లు చేరినవాళ్ళం. మా కమాన్‌పూర్ దేవుడు ఆదివరాహస్వామి. పాతాళానికి దిగి భూదేవిని పైకి తెచ్చిన స్వామి బాయి పని వాళ్ళ నడుమ వెలిశాడని నేను సరదాగా అంటుంటాను.

ఇప్పుడు అసలు పాట దగ్గరికి వస్తాను. కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల నుంచి బాయి పనికి వచ్చినవారు తమ దేవుళ్ళను వెంట తెచ్చుకున్నారు. మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మ వచ్చారు. వారి వెంట ఒగ్గు వాళ్ళు వచ్చారు. ఒగ్గు అంటే శివుని డమరుకం. కథ చెప్పేవారు ఎక్కువగా కురుమ, యాదవ కులాల ఒగ్గు పూజారులు. ముందు ప్రధాన కథకుడు, పక్కన వంత పలికేవారు, డోలు, తాళాలు, నపీర. పొద్దుగూకినాక మొదలైతే తెల్లవారేదాకా సాగేది. వేములవాడ దగ్గరి హనుమాజీపేటకు చెందిన మిద్దె రాములు గారు ఈ విద్యలో ఉద్దండులు. సినారె గారిదీ అదే ఊరు. జనగామ వైపు చుక్క సత్తయ్య గారు అంతటివారు. రాములు గారు 2010లో, సత్తయ్య గారు 2017లో కాలం చేశారు.

ఒగ్గు కథలో కాలం నడిచే తీరు చూడండి. కథకుడు మొదట మల్లన్న గురించి చెబుతుంటాడు. రెండు చరణాలు దాటేసరికి తానే మల్లన్న. పైబట్ట తల మీద కప్పుకుంటే మేడలమ్మ. అది తీసి భుజాన వేసుకుంటే మళ్ళీ మన ఎదుటి మనిషి. మధ్యలో ఎవరో పది రూపాయలు చదివిస్తారు. వెంటనే డోలు మారుతుంది, ఆ దాత పేరు, ఇంటి పేరు, పిల్లల పేర్లు మల్లన్న కథలో కలిసిపోతాయి, దీవెన పూర్తయి కథ ఆగినచోటి నుంచి సాగుతుంది. రెండో షిఫ్టు దిగి స్నానం కూడా చేయకుండా వచ్చినవారిని చూస్తే, వారి కోసం జరిగిన కథను నాలుగు ముక్కల్లో మళ్ళీ పాడేవారు. షిఫ్టు తప్పినవాడికి కూడా కథ తప్పేది కాదు. ఏ యంత్రం ఎక్కి ఎవడు ఇంత సులువుగా వెనక్కూ ముందుకూ తిరిగాడు?

మన పండితులూ యంత్రం కోసం ఆగలేదు. 1959 ప్రాంతంలో కరీంనగర్ కళాశాలకు ప్రిన్సిపాలుగా ఉన్న విశ్వనాథ సత్యనారాయణ గారు 'విష్ణుశర్మ ఇంగ్లీషు చదువు' రాశారు. పంచతంత్రం చెప్పిన విష్ణుశర్మ, తిక్కన సోమయాజి ఈ కాలానికి దిగివస్తారు. ఎలా వచ్చారని పాఠకుడు అడగడు. విష్ణుశర్మ ఇంగ్లీషు అక్షరాలతో పడే అవస్థ చూసి నవ్వుకోవడమే.

వెల్స్ నవల యంత్రంతో సహా తెలుగువారి ఇంటికి వచ్చింది 1991 జులైలో. సింగీతం శ్రీనివాసరావు గారి 'ఆదిత్య 369'. చదువుకునే రోజుల్లో వెల్స్‌ను చదివి, ఆ ముచ్చట మనసులో దాచుకుని తీసిన చిత్రమది. నాకు నచ్చినది ఏమంటే, యంత్రం ఎక్కినవారు మొదట పోయింది శ్రీకృష్ణదేవరాయల కాలానికి. అక్కడ దూరం నుంచి చూసి ఊరుకోరు. కొలువులో ఆటపాటల పోటీ మధ్యన పడతారు. ఇళయరాజా గారు ఆ కాలపు పాటకు పాత తరం గాయని జిక్కి గారిని పిలిచి పాడించారు. ఆ గొంతు వినగానే మా తరం వాళ్ళకు రాయల కాలం వచ్చిందో లేదో గాని, మా బడి రోజులు మాత్రం వచ్చాయి. తర్వాత యంత్రం భవిష్యత్తుకు పోతుంది. అక్కడ అణుయుద్ధం తర్వాతి లోకం. ఆ భాగం కంటే రాయల కొలువే జనానికి గుర్తుండిపోవడం నాకు ఆశ్చర్యం కాదు.

ఆ చిత్రాన్ని 2025 ఏప్రిల్‌లో మళ్ళీ హాళ్ళలో వేశారు. మా మనవలు చూసి వచ్చారు. ముప్ఫై నాలుగేళ్ళ నాటి పాట అలాగే ఉంది, ఇంకా శుభ్రంగా వినిపించిందట. సినిమాకు ఆ సౌకర్యం ఉంది. ఒగ్గు కథకు లేదు. క్యాసెట్లు వచ్చిన రోజుల్లో కొన్నాము, విన్నాము. రాత్రంతా సాగే కథ రెండు వైపుల్లో ముగిసేది. అందులో మన చదివింపు లేదు, ఆలస్యంగా వచ్చినవాడి కోసం మళ్ళీ పాడటం లేదు.

1990ల మొదట్లో మన కంపెనీలో లక్ష మందికి పైగా పనిచేసేవారు. ఇప్పుడు నలభై వేల చిల్లర. భూగర్భ గనులు ఒక్కొక్కటే మూతపడి, ఓపెన్ కాస్టులు పెరిగాయి. ఖర్చు, భద్రత, ఉత్పత్తి లెక్కల్లో దానికి కారణాలున్నాయి, వాటితో నేను వాదించను. కానీ ఓపెన్ కాస్టు వచ్చిన చోట ఊరు లేస్తుంది. ఊరితో బీరప్ప గుడి లేస్తుంది. కొత్త కాలనీలో గుడి కడతారు, మంచి సిమెంటుతోనే కడతారు. పాత గుడి ముందున్న వేపచెట్టు, దాని కింద ఎవరింటి వాళ్ళు ఎక్కడ కూర్చోవాలో తెలిసిన జాగా, అవి పుట్ట మట్టి కిందికో, గుంత లోపలికో పోతాయి. ఒగ్గు వాళ్ళ పిల్లలు డిగ్రీలు చదివారు, ఆటోలు నడుపుతున్నారు. చదువుకోవద్దని ఎవరనగలరు? డోలు మాత్రం అటక మీదికి ఎక్కింది.

అంతా అయిపోలేదు. మొన్నటి ఏడు మా వైపు మల్లన్న పట్నాలు వేసినప్పుడు ఒక ఒగ్గు మేళం వచ్చింది. ప్రధాన కథకుడికి ముప్ఫై ఏళ్ళు కూడా ఉండవు. నేను వంద రూపాయలు చదివించాను. పేరు అడిగాడు, చెప్పాను. "ఏ బాయి తాతా?" అన్నాడు. అదీ చెప్పాను. ఆ బాయి మూతబడి చాలా ఏళ్ళయింది, మోకా మీద తుమ్మచెట్లు మొలిచాయి. అతనికి ఆ సంగతి తెలియదు. మేడలమ్మ మల్లన్నకు ఎదురువచ్చే ఘట్టంలో, డోలు మీద ఆ బాయి పేరు నాలుగుసార్లు పలికాడు.