ఆకుపచ్చ తెరను తీసేసే లెక్క

సైబీరియా నుంచి వచ్చిన అనతోల్ జోసెఫో 1925లో న్యూయార్క్ బ్రాడ్‌వేలో ఫోటోమేటన్ అనే యంత్రాన్ని పెట్టాడు. పావు డాలరు వేసి లోపల కూర్చుంటే ఎనిమిది ఫోటోల పట్టీ ఎనిమిది నిమిషాల్లో చేతికొచ్చేది. లోపలే కాగితం మందుల్లో మునిగి, కడుక్కుని, బయటికి జారేది. ఆ ఎనిమిది నిమిషాలు అప్పటి జనానికి అద్భుతం, దానికోసం బారులు తీరారు. ఇవాళ పెళ్ళి రిసెప్షన్‌లో బూత్ ముందు నిలబడ్డవాళ్ళు ఎనిమిది సెకన్లు ఆగాలన్నా స్క్రీన్ వైపు అసహనంగా చూస్తారు. పైగా అడిగేది ఎక్కువ. వెనకున్న ఆకుపచ్చ గుడ్డ మాయమవ్వాలి, అక్కడ చార్మినారో తాజ్‌మహలో రావాలి, జుట్టు అంచులు చెదరకూడదు, ప్రింటు వెంటనే చేతిలో పడాలి.

ఈ కోరిక తీరడం వెనక వందేళ్ళకు పైబడిన చరిత్ర ఉంది. దాన్ని చదువుతూ పోతే నాకు పదేపదే కనిపించేది ఒక్కటే: వేగం పెరిగిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఏ పని చేయక్కర్లేదో కనిపెట్టారు. యంత్రాల బలం ఆ తరవాత వచ్చి కలిసింది.

మొదట్లో తెర నలుపు. ఫ్రాన్సులో జార్జ్ మెలియెస్ 1898లో తన తలను తానే తీసి బల్లమీద పెట్టిన చిన్న చిత్రానికి వాడింది నల్లని నేపథ్యమే. నలుపు ఫిల్ముమీద ముద్ర వేయదు కాబట్టి అదే ఫిల్మును వెనక్కి చుట్టి, ఖాళీగా మిగిలిన చోట ఇంకో బొమ్మ తీయొచ్చు. అయితే మనిషి కదిలితే ఆ ఖాళీ కూడా మనిషితోపాటు కదలాలి. 1918లో ఫ్రాంక్ విలియమ్స్ పేటెంట్ పొందిన పద్ధతి దానికి జవాబు. నల్లతెర ముందు తీసిన నెగెటివ్‌ను మళ్ళీ మళ్ళీ హై కాంట్రాస్ట్ ఫిల్ముమీదికి ఎక్కిస్తూ పోతే, చివరికి మనిషి ఆకారంలో నల్లని నీడ ఒక్కటే మిగులుతుంది. ఆ నీడ ఫ్రేముకో రకంగా కదులుతుంది. 1933 నాటి ‘ది ఇన్విజిబుల్ మాన్’లో మనిషి కనిపించకుండా బట్టలు మాత్రమే నడిచింది ఈ పద్ధతితోనే. 1940లో ‘ద థీఫ్ ఆఫ్ బాగ్దాద్’ కోసం లారీ బట్లర్ టెక్నికలర్‌లో నీలితెరను ప్రవేశపెట్టి ఆస్కార్ అందుకున్నాడు. చర్మంలో నీలం పాలు తక్కువ, అందుకే ఆ రంగు. అక్కణ్ణుంచి దశాబ్దాలపాటు ప్రతి షాటూ ఎన్నో ఫిల్ముల మీదుగా, వాటిని ఒకే ఫిల్ముమీద కలిపే ఆప్టికల్ ప్రింటర్‌లోకి చేరేది. ఎక్కడైనా పొర ఒక్క వెంట్రుకవాసి జరిగితే మనిషి చుట్టూ నీలిగీత తేలేది, మళ్ళీ మొదటికొచ్చేవాళ్ళు.

ఇక్కడ కాస్త ఆగి పెట్రో వ్లాహోస్ గురించి చెప్పాలి. ఆ పేరు వినకపోయినా, వాతావరణ వార్తలు చదివేవారి వెనక పటం కదలడం చూసినవాళ్ళందరూ ఆయనకు బాకీపడ్డవాళ్ళే. డిస్నీ కోసం ఆయన మెరుగుపరిచిన సోడియం వేపర్ పద్ధతిలో తెరకు సోడియం దీపాల పసుపు వెలుగు పడుతుంది. దాని తరంగదైర్ఘ్యం దాదాపు 589 నానోమీటర్లు, అంతకు అటూ ఇటూ ఏమీ ఉండదు. కెమెరాలోని పట్టకం ఆ ఒక్క వెలుగును విడదీసి రెండో ఫిల్ముమీదికి పంపుతుంది. నటులు నటిస్తుండగానే వాళ్ళ ఆకారపు నీడ, అంటే మ్యాట్, తయారైపోతుంది, లాబ్‌లో దానికోసం మళ్ళీ కూర్చోనక్కర్లేదు. 1964లో వచ్చిన ‘మేరీ పాపిన్స్’లో టోపీకి వేలాడే పల్చటి ముసుగులోంచి వెనకున్న బొమ్మల లోకం కనిపించేది అందుకే.

కానీ ఫోటో బూత్‌కు ఆయన ఇచ్చిన అసలు ఆస్తి వేరే ఉంది. 1959 నాటి ‘బెన్-హర్’ కోసం ఆయన రూపొందించిన కలర్ డిఫరెన్స్ పద్ధతి అది. అంతకుముందు అందరూ ‘ఈ చుక్క తెరా, మనిషా’ అని అడిగేవాళ్ళు. వ్లాహోస్ ‘ఈ చుక్కలో తెర పాలు ఎంత’ అని అడిగాడు. నీలం మిగతా రంగుల్ని ఎంతమేరకు మించి ఉందో అంతమేరకే అది తెర. పొగ, గాజు, చెదిరిన జుట్టు ఇవన్నీ సగం సగంగా మిగలడం ఆ ప్రశ్నతోనే సాధ్యమైంది.

ఇప్పటి ఆకుపచ్చ తెరకు అదే లెక్క వేసి చూద్దాం. ఒక్కో రంగుకు 0 నుంచి 255 దాకా విలువ. తెరమీద ఒక పిక్సెల్: ఎరుపు 40, ఆకుపచ్చ 190, నీలం 60. ఎరుపు, నీలాల్లో పెద్దది 60. ఆకుపచ్చలోంచి దాన్ని తీసేస్తే 130. అదే నిండు తెరకు కొలత. జుట్టు అంచున ఒక పిక్సెల్: 70, 110, 60. తేడా 40. 130లో 40 అంటే ఇక్కడ తెర పాలు సుమారు 31 శాతం, కొత్త నేపథ్యం అంతే కలపాలి. చెంపమీది పిక్సెల్ 205, 150, 120 అయితే తేడా సున్నాకు దిగువకు పోతుంది, అది పూర్తిగా మనిషి. తెరమీంచి తిరిగి పడి చెవుల అంచుల్నీ భుజాల్నీ పచ్చగా చేసే వెలుగును తీసేయడానికి కూడా ఇదే లెక్క చాలు: ఆకుపచ్చ విలువ మిగతా రెండింట్లో పెద్దదాన్ని దాటకుండా ఆపితే సరి. ఒక పోలిక, ఒక తీసివేత. కంప్యూటర్‌కు ఇంతకన్నా చవకైన పని ఉండదు. రంగును వర్ణచక్రంలోకి మార్చి కోణాలు కొలిచే ప్రోగ్రాములు, వర్గమూలాలతో రంగుల మధ్య దూరం లెక్కించే ప్రోగ్రాములు నేటికీ రాస్తున్నారు. ఫిల్ము లాబ్ కోసం పుట్టిన లెక్క వాటికన్నా వేగంగా, ఎక్కువసార్లు వాటికన్నా శుభ్రంగా పనిచేస్తుంది.

టెలివిజన్ వాళ్ళకు నిరీక్షణే లేదు. అనలాగ్ సిగ్నల్ గీత వెంట గీతగా వస్తుంది. మన దేశంలో నడిచిన పాల్ పద్ధతిలో గీతకు 64 మైక్రోసెకన్లు. సిగ్నల్ పారుతుండగానే సర్క్యూట్ రెండు చిత్రాల మధ్య మారిపోయేది. వ్లాహోస్ 1976లో అల్టిమ్యాట్ సంస్థను స్థాపించి, తన తేడా లెక్కను ఆ సర్క్యూట్లలోకి దించాడు. అంటే ఫోటో బూత్ ఆశించే తక్షణ ఫలితం టీవీ స్టూడియోలో ముందే ఉంది. కంప్యూటర్ వచ్చాక ఆ పని నాణ్యత పెరిగినా, వేగం కొన్నేళ్ళు వెనక్కి పోయింది. పారుతున్న సిగ్నల్ కాస్తా మెమరీలో పోగుపడ్డ అంకెలయింది, ఒక్కో అంకెనూ తెచ్చి, చూసి, మళ్ళీ పెట్టాలి. 1984లో థామస్ పోర్టర్, టామ్ డఫ్ రాసిన పత్రం ‘ఆల్ఫా’ అనే పారదర్శకత విలువతో పొరల్ని కలిపే సూత్రాల్ని స్థిరపరిచింది. సూత్రం చేతికొచ్చింది గానీ యంత్రం ఇంకా నిదానమే.

1997 జనవరిలో ఇంటెల్ ఎంఎంఎక్స్ ప్రాసెసర్లు తెచ్చింది. ఆ కొత్త సూచనల్ని ప్రోగ్రామర్లకు వివరించడానికి ఆ సంస్థ ఎంచుకున్న ఉదాహరణల్లో రంగును బట్టి తెర తీసే ఈ పని, అంటే క్రోమా కీ, ఒకటి. 64 బిట్ల రిజిస్టర్‌లో ఎనిమిది చిన్న విలువలు పక్కపక్కన పడతాయి. ఎనిమిదింటినీ ఒకేసారి తెర రంగుతో పోలిస్తే సమాధానం ఒక ముసుగుగా వస్తుంది. ఆ ముసుగుతో ఒక బొమ్మను కప్పి, రెండో బొమ్మను తెరిచి, రెంటినీ కలిపేస్తారు. ఇందులో ‘అయితే, కాకపోతే’ అన్న మలుపు ఎక్కడా లేదు. ఆ మలుపే ప్రాసెసర్‌కు ఖరీదు. ఏ దారి పడుతుందో ముందే ఊహించి పని మొదలుపెడుతుంది, ఊహ తప్పితే చేసిందంతా పారేస్తుంది. జుట్టు అంచుల్లో ఊహ తప్పుతూనే ఉంటుంది. 2001 ప్రాంతంలో గ్రాఫిక్స్ కార్డులను ప్రోగ్రామ్ చేసే వీలు రావడంతో ఇదే లెక్క వేలాది పిక్సెళ్ళకు సమాంతరంగా నడిచింది, లైవ్ ప్రివ్యూలోనే నేపథ్యం మారడం మొదలైంది.

తెర నీలం నుంచి ఆకుపచ్చకు మారడం కూడా డిజిటల్ కెమెరా తెచ్చిన మార్పే. కోడాక్ ఇంజినీర్ బ్రైస్ బేయర్ 1976లో పేటెంట్ పొందిన సెన్సర్ అమరికలో సగం గడులు ఆకుపచ్చ, పావు ఎరుపు, పావు నీలం. ఆకుపచ్చలో వివరం ఎక్కువ, మచ్చ తక్కువ, దీపాల అవసరమూ తక్కువ.

ఇంత చరిత్ర ఉన్నా, బూత్ సాఫ్ట్‌వేర్ సొంతంగా రాసుకునే చాలామంది ఒకే గోడకు గుద్దుకుంటారు. కెమెరా ఇచ్చే ఫోటో 5184 × 3456, అంటే కోటీ 79 లక్షల పిక్సెళ్ళు. విండోస్‌లో గెట్‌పిక్సెల్, సెట్‌పిక్సెల్ అని ఒక్కోదాన్ని అడిగి రాస్తే, పిలిచిన ప్రతిసారీ చిత్రాన్ని తెరిచి మూసే తతంగమంతా జరుగుతుంది. లాక్‌బిట్స్‌తో ఒక్కసారి తెరిచి, మెమరీని వరుసగా చదివితే నిరీక్షణ ఎన్నో రెట్లు తగ్గుతుంది. వరుసగా అంటే అడ్డంగా, పిక్సెళ్ళు మెమరీలో ఉన్న క్రమంలోనే. నిలువుగా చదివితే ప్రాసెసర్ దగ్గరికి తెచ్చుకున్న పక్క పిక్సెళ్ళు వృథా అయిపోతాయి.

అంతకన్నా పెద్ద లాభం ఇంకో చోట ఉంది, దాన్ని ఎక్కువమంది చూడరు. బూత్ ప్రింటు నాలుగు అంగుళాలకు ఆరు అంగుళాలు. అంగుళానికి 300 చుక్కల లెక్కన 1800 × 1200, మొత్తం 21 లక్షల 60 వేల పిక్సెళ్ళే. కోటీ 79 లక్షల పిక్సెళ్ళలో తెర తీసి, ఆ తరవాత బొమ్మను కుదించడమంటే ఎనిమిది వంతుల పని చేసి ఏడు వంతులు పారబోయడం. జేపెగ్‌ను సగం కొలతలో విప్పే సౌకర్యం ఆ ఫైళ్ళను చదివే లిబ్‌జేపెగ్ లైబ్రరీలో ఎప్పటినుంచో ఉంది. అలా విప్పితే 2592 × 1728 వస్తుంది, ప్రింటుకు ఇంకా మిగులే. చాలా జేపెగ్‌లలో రంగు సమాచారం వెలుగు సమాచారం కన్నా తక్కువ వివరంగా నిల్వ ఉంటుంది కాబట్టి, పూర్తి కొలతలో తెర తీస్తే అంచులు మెట్లుమెట్లుగా తేలతాయి. సగానికి దింపాక రెండూ దాదాపు సరిపోతాయి, అంచు నున్నగా వస్తుంది. వేగమూ నాణ్యతా ఒకే నిర్ణయంతో పెరిగే ఇలాంటి సందర్భాలు ఈ వృత్తిలో అరుదు, వాటిని వదులుకోకూడదు.

నేపథ్యాన్ని ప్రతి ఫోటోకూ డిస్కు నుంచి చదవకుండా ప్రింటు కొలతకు ముందే కుదించి మెమరీలో ఉంచుకోవచ్చు. రెండో ఫోటోకు ‘మూడు, రెండు, ఒకటి’ లెక్కపెడుతుండగా మొదటి ఫోటో పని పక్కనే నడిచే ఇంకో త్రెడ్‌లో పూర్తవుతుంది, అతిథికి ఆ పని ఉన్నట్టే తెలియదు.

తెర లేకుండానే నేపథ్యం మార్చే ప్రయత్నమూ పాతదే. 2007లో ఆపిల్ తన ఫోటో బూత్ ప్రోగ్రాంలో, మనిషిని ఒక్క క్షణం పక్కకు తప్పుకోమని చెప్పి ఖాళీ గదిని గుర్తుపెట్టుకునే పద్ధతి తెచ్చింది. వెలుగు కాస్త మారితే చాలు, గోడ ముక్కలు ముఖంమీద తేలేవి. 2020లో ఇళ్ళనుంచి వీడియో సమావేశాలు పెరిగాక న్యూరల్ నెట్‌వర్కులు ఆ పనిని అందరి ఫోన్లలోకీ తెచ్చాయి. అవి మనిషిని గుర్తుపట్టడంలో దిట్టలు. కానీ వేగం కోసం ఎక్కువగా చిన్న కొలతలో చూసి, ఫలితాన్ని సాగదీస్తాయి. మల్లెపూల దండ, పల్చటి పైట, ఊగే జుంకీల దగ్గర ఆ సాగుదల ప్రింటులో కనిపించిపోతుంది. చేతికి ఇచ్చే కాగితానికి నేను ఇప్పటికీ గుడ్డ తెరనే నమ్ముతాను.

మన పెళ్ళిళ్ళలో దానికి ఒక చిక్కుంది. చిలకపచ్చ పట్టుచీర, ఆకుపచ్చ గాజులు, అరటాకులు, మామిడి తోరణం అన్నీ తెర రంగుకు చుట్టాలే. చీరమీద ఒక పిక్సెల్ 50, 140, 75 అనుకుంటే తేడా 65, అంటే చీర సరిగ్గా సగం పారదర్శకమై అందులోంచి చార్మినార్ కనిపిస్తుంది. ఎంత తేడా ఉంటే తెర అనుకోవాలో ఆ గీటు బిగిస్తే చీర నిలుస్తుంది, జుట్టు చుట్టూ పచ్చ అంచు తిరిగొస్తుంది. అలాంటి చోట నీలిగుడ్డ కట్టడమే దారి. ప్రోగ్రాంలో ఆకుపచ్చ ఉన్నచోట నీలం, నీలం ఉన్నచోట ఆకుపచ్చ పెడితే చాలు, వేగం ఏమాత్రం తగ్గదు. కాకపోతే సెన్సర్‌లో నీలం గడులు పావు వంతే కాబట్టి తెరమీద ఇంకో దీపం వేయాలి, మనిషిని తెరకు ఐదారడుగుల ముందు నిలబెట్టాలి, నెమలికంఠం రంగు చీరతో ఎవరైనా వస్తారేమో పెళ్ళివారిని ముందే అడిగి రెండో గుడ్డను సిద్ధంగా ఉంచుకోవాలి.