రక్తపోటు కథ

రక్తపోటు డబ్బున్నవాళ్ళ జబ్బని మన కొనకనమిట్ల వైపు ఇంకా అనేవారున్నారు. చరిత్ర చూడండి.

1945 ఏప్రిల్ 12న అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ తలనొప్పి అంటూనే కుప్పకూలి కన్నుమూశారు. ఆ పూట ఆయన రక్తపోటు 300/190. పక్కన డాక్టరున్నా చేతిలో సరైన మందు లేదు. 1949లో బొంబాయి డాక్టరు రుస్తుం జాల్ వకీల్ సర్పగంధి వేరు గుణాన్ని ఇంగ్లండు వైద్య పత్రికలో రాశాక గానీ ప్రపంచం దానివైపు చూడలేదు. మన వైద్యులు ఆ వేరును ఏనాటినుంచో వాడుతూనే ఉన్నారు లెండి.

ఇక పల్లెల సంగతి. 2003-04లో గోదావరి ప్రాంతపు 45 పల్లెల్లో చావుల కారణాలు ఆరా తీస్తే, నూటికి 32 గుండె, రక్తనాళాల జబ్బులవే.

రక్తం ఏళ్ళతరబడి ఎక్కువ పోటుతో కొడుతుంటే గుండెకు రక్తమిచ్చే నాళాల లోగోడ దెబ్బతింటుంది. అక్కడ కొవ్వు పేరుకుని దారి ఇరుకవుతుంది. ఆ ఇరుకులో రక్తం గడ్డకట్టి అడ్డుపడితే గుండెపోటే. చాలామందికి అంతదాకా నొప్పీ ఉండదు, నలతా ఉండదు. చిక్కంతా అక్కడే.

మా మామూ కూడా "బాగానే ఉన్నాను గదా" అని బిళ్ళలు మానేశారు. ఆయన పోయిన రోజు చూస్తే, సగం వాడిన అట్ట అలమరాలోనే ఉంది.