మోటారు కిటికీ గాజు కథ

మామిడికాయల కాలంలో బంగారుపాళ్యం మార్కెట్టు యార్డు దగ్గర నిలబడితే, తోతాపురి కాయలు నింపుకొని వచ్చిన ట్రాక్టర్లు బారులు తీరి కనిపిస్తాయి. చిత్తూరు నుండి పలమనేరుకు పోయే ఈ దారి చెన్నై–బెంగళూరు రహదారిలో ఒక భాగం. రాత్రింబగళ్లు లారీల రద్దీ. అటువంటి ఒక లారీ చక్రం కింద నుండి ఎగిరివచ్చిన కంకరరాయి ఒకనాడు మా సహాధ్యాపకుని వ్యాను పక్క కిటికీకి తగిలినది. రాయి ఉసిరికాయంత కూడ లేదు. అయినా అద్దమంతా ఒక్కసారిగా పెళ్లుమని పగిలి, పటికబెల్లం పలుకులవలె రాలిపోయినది. కిటికీ పక్కన కూర్చున్న పాప ఒడి నిండా గాజు పలుకులే. చేతిమీద రెండు చిన్న గీతలు తప్ప ఆ పిల్లకు మరే గాయమూ లేదు.

కొత్త అద్దం వేయించడానికి మెకానిక్కు దగ్గరకు పోయినప్పుడు ఇంటి పెద్దాయన ఒకరు, "ఇంత ఖర్చెందుకు? ఇంటి కిటికీల అంగడిలో ఇదే మందం గాజును కోయించి తగిలిస్తే పోలేదా?" అని అడిగినారు. మెకానిక్కు తల అడ్డంగా ఊపి, "అది వేరే గాజు, ఇది వేరే గాజు సార్. దీన్ని ముందే కోసి, ఆ తర్వాత కాల్చి పంపిస్తారు. ఇప్పుడు కోద్దామని చక్రం పెడితే పొడి అయిపోతుంది" అన్నాడు.

రెండు గాజులూ ఒకే ఇసుకతో చేసినవి. ఒకే మందం, ఒకే నిగారింపు. కంటితో చూచి వేరు చెప్పలేము. అయినా ఒకటి పగిలితే కత్తులౌతుంది, రెండవది పగిలితే పలుకులౌతుంది. ఈ భేదం ఎక్కడ దాగి ఉన్నది? దానిని మనిషి ఎట్లా కనుగొన్నాడు? ఈ కథ మూడున్నర శతాబ్దాల నాడు ఒక గాజు బొట్టుతో మొదలైనది.

మెల్లగా చల్లార్చే విద్య

దానికి ముందు గాజు పనివారి పాతవిద్యను గురించి ఒక మాట చెప్పుకోవాలి. కరిగిన గాజును తొందరగా చల్లారిస్తే అది తనంతట తానే చిట్లుతుంది. పైభాగం ముందుగా చల్లబడి బిగుసుకొంటుంది; లోపలిభాగం తర్వాత చల్లబడి కుంచించుకొనబోతుంది; ఆ పెనుగులాటలో వస్తువు పగులుతుంది. అందువల్ల గాజు వస్తువును మెల్లగా చల్లార్చడం అన్నిదేశాల గాజు పనివారికీ మొదటి పాఠం.

ఈ విద్య మనకు దూరపుది కాదు. రేణిగుంటకు సమీపంలోని పాపానాయుడుపేట గాజు పూసలకు పేరుపొందిన ఊరు. కొలిమిలోని కరిగిన గాజు ముద్దనుండి సన్నని బోలు గొట్టాన్ని పొడుగ్గా లాగి, దానిని చిన్నచిన్న ముక్కలుగా నరికి, ఆ ముక్కలను బూడిదతో కలిపి మళ్ళీ వేడిచేసి అంచులను నునుపు చేయడం అక్కడి పద్ధతి. పూసల చరిత్రను పరిశోధించిన అమెరికా పండితుడు పీటర్ ఫ్రాన్సిస్ ఈ పద్ధతికీ, రెండువేల యేండ్ల కిందట పుదుచ్చేరి దగ్గరి అరికమేడులో తయారైన పూసల పద్ధతికీ గల పోలికను లోకానికి తెలియజేసినాడు.

గాజు పనివారందరూ తొందరగా చల్లార్చడమంటే భయపడుతూ ఉండగా, అదే తొందరపాటులో ఒక బలం దాగి ఉన్నదని తెలిపినది రాకుమారుని బొట్టు.

రాకుమారుని బొట్టు

కరిగిన గాజు చుక్కను చల్లని నీటిలో జారవిడిస్తే అది తోకకప్పవలె, ముందు లావుగా, వెనుక సన్నని తోకతో గట్టిపడుతుంది. దాని తలమీద సుత్తితో కొట్టినా పగలదు. కాని తోక కొనను వ్రేళ్ళతో విరిస్తే చాలు, బొట్టంతా పేలి పొడి అయిపోతుంది. జర్మన్ రాకుమారుడు రూపర్ట్ ఈ వింతను ఇంగ్లండుకు తెచ్చినాడు. రాజు రెండవ చార్లెస్ 1661లో వీటిని లండన్ రాయల్ సొసైటీ పండితుల ముందుంచినాడు. రాబర్ట్ హుక్ 1665లో ప్రకటించిన తన "మైక్రోగ్రాఫియా" గ్రంథంలో వీటిని వర్ణించి, చల్లారడంలోని తేడావల్ల బొట్టులో బిగువు ఏర్పడుతున్నదని చాలవరకు సరిగానే ఊహించినాడు.

ఆ ఊహను కొలతలతో నిరూపించడానికి మూడు శతాబ్దాలకు పైగా పట్టినది. చంద్రశేఖర్, చౌధరి అనే శాస్త్రజ్ఞులు 1994లో అతివేగపు ఛాయాచిత్రాలు తీసి, తోక విరిగినప్పుడు పగులు సెకనుకు సుమారు 1,450 నుండి 1,900 మీటర్ల వేగంతో తల వైపుకు పరుగెత్తుతుందని చూపినారు. తర్వాత ఎస్టోనియా దేశపు శాస్త్రజ్ఞులతో కలిసి చేసిన పరిశోధనలో బొట్టు పైపొరమీది సంపీడనం చదరపు సెంటీమీటరుకు దాదాపు 7,000 కిలోల బరువుతో సమానమని తేలినది.

బలం ఎక్కడిది?

గాజు నొక్కుడుకు బాగా ఓర్చుకొంటుంది, లాగుడుకు ఓర్వలేదు. దీనికి కారణాన్ని 1921లో ఇంగ్లీషు ఇంజనీరు గ్రిఫిత్ చెప్పినాడు. గాజు పైన కంటికి కనిపించని గీతలు, చీలికలు ఎన్నో ఉంటాయి. గాజును వంచినప్పుడు ఒక పక్క సాగుతుంది. ఆ పక్కనున్న చీలిక మొన దగ్గర బలమంతా కేంద్రీకరించి, చీలిక నోరు తెరచుకొని లోపలికి పోతుంది. ఉడుపులో చిన్న చిరుగును పట్టుకొని లాగితే బట్టంతా చిరిగినట్లే ఇది.

మరి పైపొర ముందే గట్టిగా నొక్కబడి ఉంటే? అప్పుడు చీలికల నోళ్ళు మూసుకొని ఉంటాయి. బయటినుండి వచ్చే లాగుడు మొదట ఆ నొక్కుడును జయించిన తర్వాతగాని చీలికను తెరవలేదు. తొందరగా చల్లార్చిన గాజులో జరిగేది ఇదే. పైపొర ముందు గట్టిపడుతుంది. లోపలిది తర్వాత చల్లబడి కుంచించుకొంటూ పైపొరను తనవైపు లాగుతుంది. చివరకు పైపొర నొక్కుడులోను, లోపలిపొర సాగుడులోను ఉండిపోతాయి.

కమ్మరి కాల్చిన కొడవలిని నీటిలో ముంచి గట్టిపరచడంతో దీనిని పోల్చవచ్చును గాని, విద్యార్థులు ఒక భేదాన్ని గుర్తుంచుకోవాలి. ఉక్కులో స్ఫటికాల అమరికయే మారుతుంది. గాజులో స్ఫటికాలు లేవు. దానిలో మారేది లోపలి బిగువు మాత్రమే.

నూనె తొట్టి నుండి గాలి ఊదుడు దాకా

బొట్టులోని వింతను పలకలోనికి తేవడానికి మొదట పూనుకొన్నవాడు ఫ్రాన్సు దేశీయుడు ద ల బాస్తీ. కాల్చిన గాజును వేడి నూనె, కొవ్వు తొట్టిలో ముంచి గట్టిపరచే పద్ధతికి ఆయన 1874లో పేటెంటు పొందినాడు. ఆ గాజు పాత్రలు కిందపడినా పగలకపోవడం చూచి జనం ఆశ్చర్యపడినారు. కాని కొన్ని పాత్రలు ఏ దెబ్బా తగలకుండానే ఒక్కసారిగా పేలిపోయేవి. గాజులో చిక్కుకొన్న సన్నని నలుసులు ఇటువంటి ప్రమాదానికి కారణం కాగలవని, వాటిలో నికెల్ సల్ఫైడు ముఖ్యమని 20వ శతాబ్దంలో తెలిసినది.

ఈలోగా మోటారు బండ్లు వచ్చినవి. తొలినాటి బండ్లకు ఇంటి కిటికీ గాజే బిగించేవారు. బండి దేనినైనా ఢీకొంటే, ఆ గాజు పెంకులే ప్రయాణికుల ముఖాలను, మెడలను కోసేవి. ఈ బాధ నుండి రెండు దారులు పుట్టినవి.

మొదటిది పొరల గాజు. ఫ్రెంచి రసాయనజ్ఞుడు ఎదువార్ బెనెదిక్తుస్ చేతినుండి 1903లో ఒక కుప్పె జారి కిందపడినదట. అది పగిలినది గాని ముక్కలు విడిపోలేదు. లోపల ఎండిపోయిన సెల్యులోజ్ నైట్రేటు పొర వాటిని పట్టి ఉంచినది. ఆ తర్వాత కారు ప్రమాదంలో గాజు కోసిన గాయాల వార్త విని, ఆ కుప్పె గుర్తుకు వచ్చి, రెండు పలకల మధ్య ఒక పొరను అతికించే పద్ధతిని రూపొందించి 1909లో పేటెంటు పొందినాడు. మొదటి ప్రపంచయుద్ధంలో విషవాయువు ముసుగుల కంటి అద్దాలకు ఈ గాజు ఉపకరించినది. 1920ల చివరకు ఫోర్డు బండ్ల ముందు అద్దాలకు ఎక్కినది. ఎండకు పసుపురంగు తిరిగే పాత పొర స్థానంలో 1930ల చివర పాలీవినైల్ బ్యుటిరాల్ అనే పారదర్శకమైన పొర వచ్చినది. నేటికీ కారు ముందు అద్దంలో ఉండేది ఇదే.

రెండవది గట్టిపరచిన గాజు. నూనె తొట్టికి బదులు గాలిని వాడి దీనిని పరిశ్రమగా చేసినారు. పలకను ముందుగా కావలసిన ఆకారానికి కోసి, అంచులు సానబట్టి, అవసరమైన రంధ్రాలు తొలిచి, సుమారు 620 నుండి 650 డిగ్రీల సెంటిగ్రేడు వరకు వేడిచేస్తారు. మెత్తబడుతున్న ఆ పలకను కావలసిన వంపుకు వంచి, రెండువైపుల నుండి అనేక రంధ్రాల గుండా గాలిని ఉధృతంగా ఊదుతారు. పైపొర కొద్ది సెకన్లలో గట్టిపడుతుంది. ఇట్లా పూర్తిగా గట్టిపరచిన గాజు పైపొరలో చదరపు సెంటీమీటరుకు సుమారు 700 కిలోలు, అంతకు మించిన నొక్కుడు ఉంటుంది. సాధారణ గాజుకంటె అది నాలుగైదు రెట్లు బలమైనది.

ఇక మెకానిక్కు మాటకు అర్థం చెప్పవచ్చును. పలక మందంలో ఒక్కొక్క వైపున సుమారు ఐదోవంతు నొక్కుడు పొర. మధ్యనున్నదంతా సాగుడు పొర. 4 మిల్లీమీటర్ల అద్దంలో కవచం ఒక్కొక్క వైపున 0.8 మిల్లీమీటరు మాత్రమే. కోతచక్రం గాని, కంకరరాయి మొన గాని ఆ కవచాన్ని దాటి లోపలికి పోయినదా, లోపల దాగిన శక్తి అంతా విడుదలై పగులు శాఖోపశాఖలుగా చీలి, పలక అంతటా పాకుతుంది. బొట్టు తోక విరిస్తే జరిగినదే ఇక్కడా జరుగుతుంది. పలుకులు ఎంత చిన్నవై ఉండవలెనో కూడ నియమమున్నది. ఐరోపా దేశాల నిబంధన ప్రకారం 5 సెంటీమీటర్ల భుజంగల చతురస్రంలో కనీసం 40 ముక్కలైనా ఉండాలి.

మన దేశంలో

చదునైన మంచి గాజు చౌకగా దొరకడానికి కారకుడు ఇంగ్లండుకు చెందిన ఆలస్టర్ పిల్కింగ్టన్. కరిగిన తగరం మీద కరిగిన గాజును తేల్చి పలకగా చేసే ఆయన పద్ధతి 1959లో లోకానికి వెల్లడి అయినది. మారుతి కార్లతోపాటు మన దేశంలో మోటారు గాజు పరిశ్రమ కూడ విస్తరించినది. హర్యానాలోని బావల్‌లో అసాహి ఇండియా కర్మాగారం 1987లో ఉత్పత్తి ప్రారంభించినది. 2000లో చెన్నై సమీపాన శ్రీపెరుంబుదూరులో సెయింట్ గోబెన్ వారి తేల్చుడు గాజు కర్మాగారం పని మొదలుపెట్టినది. గాజుకు మూలమైన తెల్లని సిలికా ఇసుక మన గూడూరు, చిల్లకూరు, కోట ప్రాంతాలలో విస్తారంగా లభిస్తుంది.

వ్యాన్ల విషయానికి వస్తే, 1984లో వచ్చి 2019 వరకు తయారైన మారుతి వ్యాను, అనగా ఓమ్ని, మన ఊళ్ళలో ఎన్నో కుటుంబాలను మోసినది. రాయలసీమలోనే పెనుకొండ వద్ద 2019లో ప్రారంభోత్సవం జరిగిన కియా కర్మాగారం నుండి 2020లో కార్నివాల్ అనే పెద్ద కుటుంబ వ్యాను వెలువడినది. పాత వ్యాన్లలో పక్క అద్దం గాడిలో జరిగేది. నేటి తలుపులలో డోర్ ప్యాడు విప్పి, గ్లాస్ మిషనుకు అద్దాన్ని బిగించాలి. కదలని వెనుక అద్దాలను చాలవరకు జిగురుతోనే అతికిస్తారు. ఏ విధమైనదైనా, తలుపు లోపల రాలిన పలుకులను పూర్తిగా ఊడ్చి తీయకపోతే అవి గాడిలో ఇరికి కొత్త అద్దాన్ని గీస్తాయి. ఆ గీతలు ఏమి చేయగలవో గ్రిఫిత్ చెప్పినది మరువరాదు.

బయటపడే దారి

పక్క కిటికీకి గట్టిపరచిన గాజును వాడటంలో మరొక మేలు ఉన్నది. ఆపదలో దానిని పగులగొట్టి బయటపడవచ్చును. 2013 అక్టోబరు 30 తెల్లవారుజామున మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర బెంగళూరు నుండి హైదరాబాదు పోతున్న బస్సుకు నిప్పంటుకొని 45 మంది మరణించినారు. 2025 అక్టోబరు 24న కర్నూలు సమీపంలో మరొక బస్సు దగ్ధమై సుమారు ఇరవైమంది చనిపోయినారు. ఇటువంటి వేళ కిటికీ పక్కనుండే చిన్న సుత్తి విలువ ఇంతింత కాదు. మధ్యభాగం దెబ్బకు కొంత వంగి ఓర్చుకొంటుంది. కనుక అద్దం మూల దగ్గర సుత్తి మొనతో కొట్టాలి. అరచేతితో గుద్దినా, చెప్పుతో కొట్టినా బలం విశాలంగా పరచుకొంటుంది, కవచం చీలదు.

కొన్ని కొత్త కార్లలో పక్క కిటికీలకు కూడ పొరల గాజు వాడుతున్నారు. చప్పుడు తగ్గుతుంది, ప్రమాదంలో మనిషి బయటికి విసరివేయబడడు. కాని అమెరికా మోటారు సంఘం వారు 2019లో పరీక్షించిన ఆరు పరికరాలలో నాలుగు గట్టిపరచిన గాజును పగులగొట్టగా, పొరల గాజును ఒక్కటీ పగులగొట్టలేకపోయినది. కనుక మన బండికి ఏ గాజు ఉన్నదో ముందే తెలిసి ఉండటం మంచిది. అద్దం మూలలోని ముద్రలో ఆ వివరం ఉంటుంది. మన దేశపు భద్రతా గాజు ప్రమాణం సంఖ్య ఐ.ఎస్. 2553.

ఉపాధ్యాయులు విద్యార్థులకు మరొక వినోదం చూపవచ్చును. ధ్రువిత కాంతిని వడగట్టే చలువ కళ్ళద్దాలు పెట్టుకొని, ఉదయమో సాయంత్రమో ఆకాశపు కాంతి ఏటవాలుగా పడుతున్న కారు వెనుక అద్దాన్ని చూడండి. బారులు తీరిన మచ్చలు కనిపిస్తాయి. గాలి ఊదిన చోట్ల గుర్తులవి! ఒత్తిడికి లోనైన గాజు కాంతిని రెండుగా చీలుస్తుందని స్కాట్లండు శాస్త్రజ్ఞుడు బ్రూస్టర్ 19వ శతాబ్దపు రెండవ దశకంలోనే కనుగొన్నాడు. ఇంటి కిటికీ అద్దంలో ఆ మచ్చలు కనిపించవు.

పెద్దాయన ఆ కళ్ళద్దాలలోనుంచి చూచి, తర్వాత ఒక మాటా అనలేదు. ముద్ర ఉన్న అద్దమే వేయించినారు. ఇంటి గాజును కోయించి బిగించి ఉంటే వాన ఆగేది, గాలి ఆగేది, డబ్బూ మిగిలేది. కాని మరొక రాయి వచ్చిననాడు ఆ పాప ఒడిలో పడేవి పలుకులు కావు.