మంటకి పదిమంది వస్తే మాట ఎవరిది?

ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా అగ్నిమాపక వారోత్సవాలు చేస్తారు, మీకు తెలిసిందే. ఎర్ర బండి వేసుకుని ఊళ్ళలోకి, బడుల్లోకి వచ్చి మంట ఎలా ఆర్పాలో చూపిస్తారు. మన ఉద్దానంలో అప్పటికి జీడిపిక్కలు ఏరే రోజులు, తోటల్లో ఎండుటాకు మోకాళ్ళ దాకా ఉంటాది. సరైన టైముకే వస్తారు గానీ, ఆ తేదీ మన ఎండల్ని చూసి పెట్టింది కాదు. దాని వెనక ఒక ఓడ కథ ఉంది.

1944 ఏప్రిల్ 14. రెండో ప్రపంచ యుద్ధం రోజులు. బొంబాయి విక్టోరియా డాక్‌లో ఫోర్ట్ స్టికిన్ అనే ఓడ ఆగి ఉంది. అందులో సుమారు 1,400 టన్నుల పేలుడు సామాను, దాంతో పాటే కరాచీలో ఎక్కించిన పత్తి బేళ్ళు. మందుగుండు పక్కన పత్తి! మన కల్లంలో గడ్డి కుప్ప పక్కన పొయ్యి పెట్టినా ఇంటి పెద్దోళ్ళు ఊరుకోరు కదా. మధ్యాహ్నం 2 గంటల వేళ పొగ కనిపించింది. ఫైరింజన్లు వచ్చాయి, గొట్టాలు పెట్టి నీళ్ళు కొడుతూనే ఉన్నారు.

ఇక్కడే అసలు సంగతి. అక్కడ మనుషులకి లోటు లేదు. ఓడ కెప్టెన్ ఉన్నాడు, ఫైర్ బ్రిగేడ్ అధికారి ఉన్నాడు, డాక్ మేనేజరూ, సైన్యంలో మందుగుండు సంగతి తెలిసిన అధికారీ ఉన్నారు. ఓడని ముంచేయాలని ఒకరు, సముద్రంలోకి లాగేయాలని ఒకరు, నీళ్ళతోనే ఆర్పుదామని ఇంకొకరు. ఎవరి మాటా తీసిపారేసేది కాదు. కానీ అందరి మీదా చెల్లే ఆర్డరు ఇవ్వగలిగినోడు ఒక్కడూ లేడు. రెండు గంటలు అలాగే గడిచిపోయాయి. 4 దాటాక ఓడ పేలింది, అరగంటలో మళ్ళీ పేలింది. వందల మంది పోయారు. అందులో 66 మంది అగ్నిమాపక సిబ్బంది. వాళ్ళ పేరు మీదే ఈ వారోత్సవాలు.

దీనికి విరుగుడు ఆలోచించింది అమెరికా వాళ్ళు, అదీ దెబ్బ తిన్నాకే. 1970లో దక్షిణ కాలిఫోర్నియాలో 13 రోజులు అడవులు, ఊళ్ళు తగలబడ్డాయి. 16 మంది చనిపోయారు, 700కి పైగా ఇళ్ళూ కట్టడాలూ బూడిదయ్యాయి. ఎన్నో ఊళ్ళ ఫైర్ డిపార్ట్‌మెంట్లు సాయానికి వచ్చాయి గానీ ఒకరి రేడియో ఇంకొకరికి అందదు, ఒకే వస్తువుకి ఒక్కొక్కరిది ఒక్కో పేరు. ఆ తర్వాత అందరూ కూచుని ఒక పద్ధతి రాసుకున్నారు. ముందు చేరినోడు కమాండ్ తీసుకోవాలి, తర్వాత వచ్చినోడికి అప్పగిస్తే నోటితో చెప్పి అప్పగించాలి. ఒక మనిషికి పైన ఒక్కడే అధికారి. నాలుగు శాఖలుంటే నాలుగు పెద్దలూ ఒకే చోట కూచుని ఒకే ప్లాన్ వేయాలి. వినడానికి ఇంతే, పెళ్ళి వంటశాలలో కూడా ఇదే కదా అనిపిస్తాది. బొంబాయిలో లేనిది ఇదే మరి.

మన దేశంలో 2010లో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ దీన్నే ఐఆర్ఎస్ అని మార్గదర్శకాలుగా ఇచ్చింది. జిల్లాలో బాధ్యత కలెక్టరుది. కింద మండలంలో జట్టుకి పెద్ద తహసీల్దారు.

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది, గంటకి 140-150 కిలోమీటర్ల గాలి. అది మంట కాదు, కానీ చిక్కుముడి ఇలాంటిదే. రోడ్డు మీద కొబ్బరి చెట్టు తీస్తే గానీ కరెంటోళ్ళ బండి కదలదు. స్తంభం నిలబెడితే గానీ మోటారు తిరగదు, తాగడానికి నీళ్ళు రావు. వేరే జిల్లాల నుంచి వచ్చిన సిబ్బందికి మన డొంకలు తెలీవు. ఏ రోడ్డు ముందు అన్నది ఒక చోట తేలకపోతే, ఎంత మంది వచ్చినా వాళ్ళు రోడ్డు మీదే ఉంటారు, మనం చీకట్లోనే ఉంటాం.

ఇక మన తోటల సంగతి. రేపు ఎండల్లో సుమ్మాదేవి వైపు ఏ జీడితోటో అంటుకుందనుకోండి. 101కి ఫోన్ చేశారు, పలాస బండి చాలక టెక్కలి బండి కూడా వచ్చింది. అప్పుడు ఇరవై మంది చుట్టూ మూగి ఇరవై దార్లు చూపిస్తే ఆ డ్రైవరు ఏ దారి పట్టాలి? ఊరి తరఫున ఒక్కరే వెళ్ళి ఆఫీసరుతో మాట్లాడాలి: నీళ్ళున్న బావి ఎక్కడుంది, బండి దిగబడని దారి ఏది, తోట లోపల ఎవరైనా ఉన్నారా, తీగలు ఎటు పోతున్నాయి. కరెంటు ఆపించేదాకా తీగల కింద నీళ్ళు కొట్టకూడదు. లైన్‌మేన్‌కి ఫోన్ చేసే పని కూడా ఒకరికే అప్పజెప్పండి. మీ ఊర్లో ఆ ఇద్దరూ ఎవరో ఈ వేసవికి ముందే రచ్చబండ దగ్గర అనుకోండి. పేర్లు కింద రాసినా సరే.